దొరసాని వీపు మీది మాట

తాబేళ్ల కేంద్రం, వెనక గది
ఎండలు మొదలైన వారం

ఓడిపోయినవాళ్ల పేర్లు కూడా షీల్డుల మీద అందంగా చెక్కగల ఏకైక కళాకారిణి, చెక్కుడు దుకాణం యజమానురాలు, మహారాజశ్రీ అక్కగారి సముఖానికి,

'ఇచ్చట అందరం క్షేమం' అని మొదలుపెట్టాలట ఉత్తరం. ఇచ్చట తాబేళ్లు క్షేమం. నేను మాత్రం మండిపోతున్నాను.

ముందు విషయం చెప్తాను, తర్వాత తిడతాను. నేను ఉద్యోగానికి బయల్దేరేటప్పుడు "ఎప్పుడైనా పనికొస్తుందిరా" అంటూ నీ పాత చెక్కే మిషన్ నా సంచిలో కుక్కావు చూడు, అది పనికొచ్చింది. ఎలా పనికొచ్చిందో వింటే ఎందుకిచ్చానా అని ఏడుస్తావు.

మా దగ్గరున్నవి నాగలి తాబేళ్లు. మెడ కింద డిప్ప ముందుకు సాగి నాగలికర్రులా ఉంటుంది. మగవి రెండు ఎదురుపడితే ఆ కర్రుతో ఒకదాన్నొకటి తిరగేసుకుంటాయి, మన కాలేజీ ఎన్నికల్లాగే. పైడిప్ప మాత్రం గుమ్మటంలా గుండ్రంగా, తేనె రంగులో, ఒక్కో పలక మీదా ఎవరో తీరిగ్గా కూర్చుని గీసినట్టు గోధుమరంగు చారలతో ఉంటుంది. చూస్తే నీకే ఈర్ష్య పుడుతుంది. అడవిలో ఇప్పుడు మిగిలినవి మీ వీధిలో ఉన్న మనుషులకన్నా తక్కువ. మేం ఇక్కడ పిల్లల్ని పెంచి, కాస్త ఎదిగాక మళ్లీ అడవిలో వదులుతాం.

అంత అందమైనదాన్ని నేనేం చేస్తున్నానో తెలుసా? నీ మిషన్‌తో వీపు మీద అంకెలు చెక్కుతున్నాను. ఏ మూలో చిన్నగా కాదు. లారీ వెనక నంబరులా, అల్లంత దూరం నుంచి కనపడేలా.

ఎందుకంటే, ఎక్కడో ఒకడున్నాడు. వాడికో ఇల్లుంది. ఇంట్లో హాలుంది. హాల్లో గాజుపెట్టె ఉంది. ఆ పెట్టెలో, పక్కింటివాడి దగ్గర లేని తాబేలు ఉండాలి. ఆ పెద్దమనిషికి మచ్చపడిన డిప్ప పనికిరాదు, అతిథుల ముందు పరువు పోతుంది. కాబట్టి వాడి కంటికి ఆనకుండా వీటిని పాడు చేయడమే నా ఉద్యోగం. నాకు డిగ్రీ ఇచ్చినవాళ్లు ఈ సంగతి సిలబస్‌లో పెట్టలేదు. రంగు పూస్తే గోళ్లరంగు తుడిచే మందుతో పోతుంది. చర్మం కింద చిప్ పెడితే గాజుపెట్టెవాడికి కనపడదు గనక వాడికేం బాధ లేదు. వాడి కంటికి నొప్పి పుట్టాలి.

తాబేలుకి నొప్పా అంటావా? మా డాక్టరమ్మ ఈ కేంద్రానికి పెద్ద. ఆవిడ కళ్లజోడు మీదినుంచి చూస్తే తాబేళ్లే కాదు, నేనూ తల లోపలికి లాక్కుంటాను. ఆవిడ చెప్పింది: "పైపొర మన గోరులాంటిది. పైపైన గీస్తే ఏం కాదు. లోతుకి పోయిందో, చంపేస్తాను." తాబేలునా నన్నా అని అడగలేదు.

అసలు ఏడుపు ఇది. ఇంకా ఏడు మిగిలాయి. నిన్న మిషన్ కొసనుండే సన్న బిట్టు, అదే, చెక్కే మొన, విరిగింది. ఆ ఏడింట్లో ఒకటి దొరసాని. ఆ పేరు నేనే పెట్టాను. అది నడిచి రావడం చూస్తే నువ్వూ పక్కకి తప్పుకుంటావు. దాని డిప్ప మీద ఒక్క గీత లేదు. ఒట్టు, దాన్ని ఒళ్లో పెట్టుకుని మిషన్ ఆన్ చేసినప్పుడల్లా నాకు అద్దం పగలగొడుతున్నట్టు ఉంటుంది.

అలాంటి బిట్టు ఒకటి పంపు. ఇక్కడ సిగ్నల్ లేదు, సరుకుల బండి వారానికోసారి పట్నం వెళ్తుంది, దానితోనే ఉత్తరాలు.

బావని అడిగానని చెప్పు. ఆయన దుకాణంలో రంగుచేపల్ని కూడా.

నీ కోతి తమ్ముడు


చెక్కుడు దుకాణం
అదే నెల

ఒరేయ్ కోతీ,

బిట్టు విరిగిందా, విరిచావా? ఎన్నిసార్లు చెప్పాను, మిషన్‌ని పెన్నులా పట్టుకో, గరిటెలా కాదు అని. బరువంతా మణికట్టు మీద వేస్తావు, అది ఫట్‌మంటుంది. చిటికెనవేలు వస్తువు మీద ఆనించు, మిగతా చేతిని వదిలెయ్. మన దగ్గర ఇత్తడి అయినా, మీ దగ్గర తాబేలయినా అంతే.

ఇత్తడి ఊపిరి పీల్చదురా, అదొక్కటే తేడా. నీ ఉత్తరం చదివాక ఒక కప్పు మీద పేరు చెక్కుతూ మధ్యలో ఆపేశాను. ఇదే గనక కాళ్లు లోపలికి లాక్కుంటే నా చెయ్యి ఆడుతుందా అనిపించింది. కానీ డాక్టరమ్మ చెప్పింది నిజమే. అందం పోతే పోయింది, ప్రాణం ఉంటుంది. ఏడ్చుకుంటూనే చెక్కు.

బిట్టు మీ బావతో పంపుతున్నాను. పోస్టులో వద్దన్నారాయన. "ఎన్నాళ్లయింది మా బామ్మర్దిని చూసి, నేనే వెళ్లి ఇచ్చొస్తాను" అని రెండు రోజులుగా ఒకటే హుషారు. నీ ఉత్తరం ఆయనే పెద్దగా చదివించుకున్నారు, దొరసాని దగ్గర రెండుసార్లు. చేపలమ్మేవాళ్లకి జంతువులంటే అంత ముచ్చట ఉంటుందని నేననుకోలేదు. ఇంట్లో నా మొహం వంక కూడా అంత శ్రద్ధగా చూడరు.

బిట్టు చిన్న కాగితం పొట్లంలో పెట్టి పైన 'కోతికి' అని రాశాను. చొక్కా జేబులో నేనే పెట్టాను. మళ్లీ విరిచావంటే నీ గోళ్లతో చెక్కుకో.

అక్క


తాబేళ్ల కేంద్రం, వెనక గది
బావ వచ్చి వెళ్లిన మర్నాడు

పొట్లాలు కట్టడంలో సాటిలేని అక్కకి,

ఏమని చెప్పను, బావ వచ్చారు, బిట్టు రాలేదు.

నవ్వు, నవ్వు. నేనూ పొట్టపట్టుకు నవ్వాను. అంత దూరం ప్రయాణం చేసి, ఏ పని మీద వచ్చారో ఆ పని మర్చిపోయిన మహానుభావుణ్ని నువ్వు పెళ్లాడావు. జేబులు వెతికారు, సంచి బోర్లించారు, చివరికి నా జేబులు కూడా వెతికారు. "అయ్యయ్యో, టీ తాగిన చోట చొక్కా మార్చుకున్నానురా" అని తల కొట్టుకున్నారు. పాపం, ఆయన మొహం చూస్తే నాకే జాలేసింది. డాక్టరమ్మకి మాత్రం వెయ్యలేదు. "మీ బావగారు ఏం మర్చిపోతారు, ఏం మర్చిపోరు?" అని కళ్లజోడు మీదినుంచి అడిగింది. ఆవిడకి మనుషులంటే నమ్మకం తక్కువ. తాబేళ్లతో ముప్పై ఏళ్లు గడిపితే అంతేనేమో.

రెండు రోజులు ఉన్నారు. నా మంచం ఆయనకిచ్చి నేను గోనెసంచుల మీద పడుకున్నాను. తిరిగిన చోటల్లా జోకులే. కాపలా ముసలాయనకి చుట్టలు తెచ్చారు. దొడ్లన్నీ చూపించాను. అంకెలున్నవీ లేనివీ ఒకే దొడ్లో ఉంటాయి కదా, "లేనివి ఏవిరా, కనపడవే?" అన్నారు. అవి వేడికి ఓ మూల ఎండుగడ్డి కింద దూరి పడుకుంటాయి, పైకి ఉత్త గడ్డికుప్పే. "ఇదిగో మా దొరసాని పడకగది, తలుపు తట్టి రావలెను" అని గడ్డి తీసి చూపించాను. దొరసాని బుస్సుమంది. బావ దాన్ని చేతుల్లోకి తీసుకుని ఎంతసేపు చూశారనుకున్నావు! అటు తిప్పి, ఇటు తిప్పి, కింద కర్రు చూసి, "ఇంత అందాన్ని గీకి పారేస్తారా? మనసెలా వస్తుందిరా మీకు?" అన్నారు. కళ్లలో నీళ్లు తిరిగాయి, ఒట్టు.

అక్కా, నిజం చెప్పనా? బిట్టు రానందుకు నాకు లోలోపల సంతోషంగానే ఉంది. బావ మాట గుండెల్లో గుచ్చుకుంది. ఇంకొన్నాళ్లు దాన్ని అలా ఉండనీ.

నీ తమ్ముడు


చెక్కుడు దుకాణం

ఒరేయ్,

చొక్కా జేబులో పొట్లం నా చేత్తో పెట్టి, బొత్తాం కూడా నేనే పెట్టాను. టీ తాగిన చోట చొక్కా మార్చుకోవడం ఏమిటో నాకర్థం కాలేదు. అడిగితే "నువ్వు పోలీసువా?" అని నవ్వేశారు. పోనీలే, మర్చిపోయే మనిషి. నిరుడు నా పుట్టినరోజు మర్చిపోలేదూ?

కొత్త బిట్టుకి చెప్పాను. తెప్పించాలి, ఆలస్యమవుతుంది. ఈలోగా మొద్దు బిట్టుతో అయినా చెయ్యి. గీత వంకరపోతే పోనీ. అది పెళ్లిపీటల మీద కూర్చోబోవడం లేదు. గాజుపెట్టెవాడు నీ కొత్త బిట్టు కోసం ఆగుతాడా? నీకు మనసొప్పదని తెలుసు. అందుకే గట్టిగా చెప్తున్నాను. ఈ ఉత్తరం అందిన రోజే చెయ్యి.

అక్క


తాబేళ్ల కేంద్రం
ఏ వారమో నాకు తెలీదు

అక్కా,

ఏడూ పోయాయి.

నీ ఉత్తరం అందిన రోజు చెయ్యలేదు. మర్నాడూ చెయ్యలేదు. అడవిలో వదిలే రోజు దగ్గరికొచ్చింది, అప్పటిదాకా దొరసానిని నున్నటి వీపుతోనే తిరగనీ, ఆ ముందు రోజు చెక్కుదాం అనుకున్నాను. నా ముచ్చట తీర్చుకోవడానికి దాని డిప్పని నున్నగా ఉంచాను. గాజుపెట్టెవాడికీ నాకూ తేడా ఏమిటో ఎవరన్నా అడిగితే ఏం చెప్పాలో ఆలోచిస్తున్నాను.

కంచె కోశారు. నీట్‌గా, కత్తిరించి పక్కకి మడిచారు. ముళ్లపొద ఉన్న వైపు నుంచి వచ్చారు, అక్కడైతే కాపలా ముసలాయనకి కనపడదని. అంకెలున్న పాతిక తాబేళ్లూ దొడ్లో అలాగే ఉన్నాయి. ఒక్కదాన్ని కూడా ముట్టుకోలేదు. కాదు, ఒకదాన్ని ముట్టుకున్నారు. చేతిలోకి తీసుకుని, అంకె చూసి, విసుగొచ్చి కాబోలు, వెల్లకిలా విసిరేసి పోయారు. ఎండలో కాళ్లు కొట్టుకుంటూ ఉంది. చూసేసరికి దాని నోట్లోంచి నురగ వస్తోంది. డాక్టరమ్మ బతికించింది. బతికించి, నా వంక చూసింది. తిట్టలేదక్కా. తిట్టి ఉంటే బాగుండేది. "అంకెలున్నవి ఉన్నాయి" అంది, అంతే. మేత కత్తిరించడానికి వెళ్లిపోయింది.

పోలీసాయన వచ్చాడు. "తాబేళ్లేగా?" అన్నాడు. తాబేళ్లేనట! నాకు ఏ రోగం లేకుండానే బీపీ వచ్చింది. ఆయన ఇంటికి వెళ్లి ఆయన పిల్లల్లో ఎవర్నయినా సంచిలో వేసుకుపోయి, "పిల్లలేగా?" అందామనిపించింది. వాటి కాళ్లకీ నోటికీ టేపు చుట్టి, మేజోళ్లలో కుక్కి పంపిస్తారట. దారిలో సగం చస్తే మిగతా సగానికి రేటు పెరుగుతుందట. అంటే చావు కూడా వాళ్లకి లాభమే. ఈ సంగతి డాక్టరమ్మ ఇంతకుముందే చెప్పింది. అప్పుడు విన్నాను, ఇప్పుడు తెలిసింది.

జోకులేమీ లేవు ఇవాళ.


చెక్కుడు దుకాణం

నాన్నా, ఒరేయ్,

ఏడవకు. అన్నం తిను. నీ తప్పు ఎంతో నాకు తెలుసు, అంతకన్నా ఎక్కువ నెత్తిన వేసుకోకు. నిన్ను నేను తర్వాత తీరిగ్గా తిడతాను. దొంగతనం చేసింది నువ్వు కాదు.

మీ బావకి చదివి వినిపించాను. మొహం నల్లబడింది. తర్వాత నిన్ను ఓదార్చమని ఈ మాట రాయమన్నారు: "అడవిలో నిప్పంటుకుని మాడిపోయే బదులు, ఏ ఉన్నోళ్ల ఇంట్లోనో ఏసీ గదిలో, వేళకి తిండి తింటూ బతుకుతాయి. అదీ ఒక రకంగా కాపాడటమే అని చెప్పు." నాకు ఆ మాట నచ్చలేదు గానీ ఆయన ఉద్దేశం మంచిదే.

ఆయనకీ ఒంట్లో బాగోలేదు. పోయిన వారం కొత్తరకం చేపపిల్లల కోసమని ఊరెళ్లి వచ్చారు. చేతుల నిండా ముళ్ల గీతలే. చేపల కోసం వెళ్లినవాళ్లకి ముళ్లెలా గీసుకుంటాయో దేవుడికే తెలియాలి. పసుపు రాస్తానంటే కసిరారు.

అక్క


తాబేళ్ల కేంద్రం

అక్కకి,

చేపలకీ ముళ్లుంటాయి. కానీ అవి లోపల ఉంటాయి.

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఇది రాయకూడదని పేజీ చింపాను, మళ్లీ రాస్తున్నాను. దొడ్లో గడ్డికుప్పలు చాలా ఉన్నాయి. దొంగలు మిగతా ఏ కుప్పనీ కదపలేదు. నేరుగా ఆ మూలకి వెళ్లి, ఆ ఒక్క గడ్డి తీసి, ఏడింటినీ ఏరుకుపోయారు. దొరసాని పడకగది నేను ఎవరికి చూపించాను? తలుపు తట్టి రావలెను అని ఎవరితో అన్నాను? ముళ్లపొద వైపు కాపలా ఆయనకి కనపడదని, చుట్ట కాలుస్తూ ఆయన్నే అడిగి తెలుసుకున్నది ఎవరు? ఇవాళ అడిగితే ముసలాయన చెప్పాడు.

బొత్తాం పెట్టిన జేబులోంచి పొట్లం ఎలా పడుతుందక్కా? పడలేదు. బావ ఏదీ మర్చిపోలేదు. డాక్టరమ్మ అడిగింది దాని గురించే. నేను మనిషి మొహం చూసి నవ్వుకున్నాను.

ఏసీ గదిట. వేళకి తిండిట. కళ్లలో నీళ్లు తిరిగాయని రాశాను నీకు! ఆయన చూస్తున్నది దొరసానిని కాదు, దొరసాని మీద తన లాభాన్ని. ఆ నీళ్లు నోట్లో ఊరాల్సినవి, దారితప్పి కళ్లలోకి వచ్చాయి. నేను ఆయనకి మంచం ఇచ్చాను. నా మంచం మీద పడుకుని లెక్కలు వేసుకున్నాడు. ఇంతకాలం అందరి మీదా జోకులేసే నా చెవిలో, నా బావే తీరిగ్గా పువ్వు పెట్టి పోయాడు.

నీ తమ్ముడు


చెక్కుడు దుకాణం

నీకు,

బుద్ధి ఉందా? మా ఆయన్ని దొంగ అంటావా? మన నాన్న పోయినప్పుడు నీ కాలేజీ ఆగకూడదన్నది ఎవరు? నీకు జ్వరమొస్తే హాస్టలు మెట్ల మీద కూర్చున్నది ఎవరు? నువ్వు చెయ్యమన్న పని చెయ్యకుండా, తాబేలు వీపు చూసి మురిసిపోతూ కూర్చుని, ఇప్పుడు ఎవడో ఒకడి మెడకి చుట్టాలి కాబట్టి నా మొగుడు దొరికాడా? గడ్డికుప్ప ఎవడికైనా కనపడుతుంది. ముళ్లు ఎవరికైనా గీసుకుంటాయి.

ఆయన దుకాణం వెనక గది ఉంది. నీళ్ల వాసనకి నాకు పడక నేనెప్పుడూ వెళ్లను. ఇవాళ వెళ్తాను. నా కళ్లతో చూస్తాను. ప్రతి తొట్టీ, ప్రతి మూలా చూసి, అక్కడ చేపలు తప్ప ఏం లేవని నీకు రాస్తాను. అప్పుడు నువ్వు వచ్చి, ఆయన ముందు చెంపలేసుకుందువు గాని. అంతవరకూ నాకు ఉత్తరం రాయకు.


తాబేళ్ల కేంద్రం

అక్కగారికి,

రాయకు అన్నారు, ఇదొక్కటి రాస్తున్నాను. చేపలు తప్ప ఏం లేకపోతే నేను వచ్చి చెంపలేసుకుంటాను. మీరు చెప్పినన్ని సార్లు.

వెళ్లేటప్పుడు తొట్లు చూడకండి. మూతలున్న ప్లాస్టిక్ డబ్బాలు చూడండి. అవి అరవవు. తాబేళ్లకి అరవడం రాదు. అందుకే వీళ్లకి అవంటే అంత ఇష్టం.


చెక్కుడు దుకాణం, తలుపులు మూసి

ఒరేయ్ కోతీ,

నీ ఉత్తరం ఆలస్యంగా అందింది. అప్పటికే అంతా అయిపోయింది. డబ్బాల మూతలు నాకు నేనే తీశాను.

నిన్ను తిట్టడానికే వెళ్లానురా. తిట్ల కోసం కాగితం కూడా పట్టుకెళ్లాను. ఆయన లేరు. ఎవరినో స్టేషన్ నుంచి తీసుకొస్తానని వెళ్లారు. వెనక గదిలో చేపమేత బస్తాల వెనక డబ్బాలు. మొదటి మూత తీశాను. లోపల పిల్లల మేజోడు. అది కదిలింది.

ఆరింటికి ప్రాణం ఉంది. ఏడోది లేదు. పంపడానికని ముందు రోజే కట్టినట్టున్నారు, కాళ్లకి టేపు చుట్టి ఉంది, నోటికి కూడా. అది అప్పటికే బిగుసుకుపోయింది. దాన్ని ఒళ్లో పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో తెలీదు. తర్వాత కత్తెరతో మిగతావాటి టేపులన్నీ కోశాను. ఒకటి నా చీరంతా తడిపేసింది. బుస్సుమంది కూడా. అదేరా నీ దొరసాని. చెప్పనక్కర్లేకుండా తెలిసిపోయింది. నిజమే, ఈర్ష్య పుట్టింది.

ఆ కత్తెర కోసమని ఆయన సంచి తీసినప్పుడే అందులో పొట్లం కనపడింది. 'కోతికి' అని నా చేతిరాత. విప్పనే లేదు. టేపు, మేజోళ్లు, పొట్లం, అన్నీ ఒకే సంచిలో.

అప్పుడు ఏడవలేదు. ఒళ్లు మండింది. ఎప్పుడూ రానంత కోపం, కాళ్లలోంచి వచ్చింది. పోలీసులకి ఫోన్ చేస్తే, మీకు వచ్చినాయనలాంటివాడే వచ్చి 'తాబేళ్లేగా' అంటే? ఈలోగా ఆయన వాటిని ఎక్కడికో పంపేస్తే? కాబట్టి ముందు వాటిని పనికిరాకుండా చెయ్యాలి. ఎవరికి పనికిరాకుండా? నీ గాజుపెట్టెవాడికి.

నా మిషన్ తెచ్చాను. నీకు పంపిన బిట్టు దానికి బిగించాను. ఆ బిట్టు చేరాల్సిన వీపులకే చేరింది, కాస్త చుట్టూ తిరిగి. మీ అంకెలు నాకు తెలీవు. అందుకని 'దొంగసొత్తు' అని చెక్కాను. ఒక్కో దాని మీదా, డిప్ప ఈ చివర నుంచి ఆ చివరికి. మొదటి గీత వంకరపోయింది. చిటికెనవేలు ఆనించాను, మిగతావి తిన్నగా వచ్చాయి. లోతుకి పోలేదని డాక్టరమ్మకి చెప్పు. దొరసానిని చివరికి ఉంచాను. ఆ నున్నటి వీపు మీద అక్షరం పెట్టేముందు ఒక్కసారి చేత్తో నిమిరాను. నీ ముచ్చట అర్థమైంది. అయినా చెక్కాను.

వాటిని వరసగా బల్ల మీద పెట్టి, పోలీసులకీ, పట్నంలో మీ ఆఫీసుకీ ఫోన్ చేసి, కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

ముందు ఆయనే వచ్చారు. వెనక బూట్లు మెరిసిపోతున్న ఒక పెద్దమనిషి. గాజుపెట్టెవాడు కాదు, వాడి తరఫున సరుకు చూసేవాడట. బల్ల మీద చూసి ఆగిపోయాడు. "ఏంటిది? మచ్చ పడ్డ సరుకు ఎవడికి కావాలి?" అన్నాడు.

నేను మిషన్ ఆన్ చేశాను. "మీ పేరు కూడా చెక్కమంటారా? నేమ్‌ప్లేట్లు కూడా చేస్తాం" అన్నాను. వెనక్కి తిరిగి చూడకుండా పోయాడు. వీధి చివర పోలీసు జీపు వాణ్ని ఆపింది.

మీ బావ బల్ల మీద చెయ్యి వేసి నిలబడ్డారు. "ఏం చేశావే? వాటి విలువెంతో తెలుసా నీకు?" అన్నారు.

"తెలుసు. ఇందాకటిదాకా ఉంది" అన్నాను.

"మనకోసమే కదే చేసింది! నేను కాకపోతే ఇంకొకడు..." అంటున్నారు. చచ్చిపోయినదాన్ని తీసి ఆయన చేతుల్లో పెట్టాను. "ఇంకొకడు కాదు. ఇది మీరే" అన్నాను. దాన్ని కింద పెట్టేయడానికి బల్ల మీద చోటు వెతికారు. ఎక్కడా చోటు లేదు, అంతా 'దొంగసొత్తు'. జీపు వచ్చేదాకా అలాగే పట్టుకుని నిలబడ్డారు.

నీ మీద అరిచినందుకు క్షమించమని అడగను. ఆ ముళ్ల గీతలు చూసిన రోజే ఆ గదిలోకి వెళ్లి ఉంటే ఆ ఏడోది బతికేదేమో అని మాత్రం రోజూ అనుకుంటాను. ఇద్దరం చెరిసగం మోద్దాం.

ఇకనుంచి ఉత్తరంలో 'బావని అడిగానని చెప్పు' అని రాయకు. అడిగితే చెప్పడానికి నేను అటువైపు వెళ్లడం లేదు.

అక్క


తాబేళ్ల కేంద్రం, వెనక గది
తొలివాన పడిన వారం

ప్రపంచంలో తాబేళ్ల మీద సాహిత్యం చెక్కిన మొట్టమొదటి మహారచయిత్రి అక్కగారి సముఖానికి,

ఆరుగురూ క్షేమంగా చేరారు. ఒకటి మూడు రోజులు తల బయటపెట్టలేదు, ఇప్పుడు మేత లాక్కుంటోంది. డాక్టరమ్మ కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, నీ అక్షరాల మీద వేలు నడిపింది. "లోతు సరిగ్గా ఉంది. మీ అక్కకి ఉద్యోగం కావాలా?" అంది. నన్ను ఇన్నాళ్లలో ఒక్కసారి కూడా అలా అడగలేదు. ఒళ్లు మండింది గానీ కక్కలేను, మింగలేను.

నీ మాట పక్కన ఆ ఆరింటికీ అంకెలు నేనే చెక్కాను, మొద్దు బిట్టుతోనే, చిటికెనవేలు ఆనించి. ఈసారి బిట్టు విరగలేదు.

ఏడోదాన్ని ముళ్లపొద పక్కన పాతిపెట్టాం. అంకె ఏదీ రాయలేదు. అదొక్కటే మా దగ్గర మచ్చ లేనిది. ఇది రాస్తుంటే మళ్లీ కోపం వస్తోంది. రానీ. ఆ కోపం తగ్గిన రోజు ఈ ఉద్యోగానికి పనికిరాను.

నిన్న దొరసానిని అడవిలో వదిలాం. బోను తలుపు తీస్తే వెంటనే కదల్లేదు. మా అందరినీ వరసగా చూసింది, ఇంటి పనివాళ్ల హాజరు తీసుకున్నట్టు. తర్వాత గడ్డిలోకి నడిచింది. తేనెరంగు వీపు మీద 'దొంగసొత్తు' అని నీ గుండ్రటి అక్షరాలు, పొదల మధ్య కనపడుతూ, మాయమవుతూ. డాక్టరమ్మ చెప్పింది, అది వందేళ్లయినా బతుకుతుందట. నువ్వు పోతావు, నేను పోతాను, ఆయన జైలు నుంచి వచ్చి ఎప్పుడో పోతాడు. ఆ గాజుపెట్టె పగిలిపోతుంది. అది మాత్రం అదే మాట వీపున వేసుకుని తిరుగుతూ ఉంటుంది.

తప్పు చేసింది ఒకడు. దాన్ని జన్మంతా వీపున మోసేది అది. ఇది న్యాయమా అని నన్నడిగితే కాదు. కానీ ఎప్పుడో, మనం ఎవరమూ లేనప్పుడు, ఎవడో అడవిలో దాన్ని ఎత్తి పట్టుకుని ఆ మాట చదువుతాడు. ముందు దాని వంక చూస్తాడు. తర్వాత, బుద్ధున్నవాడైతే, తన చేతుల వంక చూసుకుంటాడు.

చెరిసగం మోద్దాం అన్నావు. సరే. నా సగం రేపు ముళ్లపొద వైపు కంచె కట్టడంతో మొదలవుతుంది. కొత్త బిట్టులు రెండు పంపు. ఈసారి పోస్టులో.

నీ కోతి